"మా పితరుల దేవుడా" అన్నప్పుడు నా పితరులు ఎవరు? యూదమత ప్రవేశం, కులం, రంగు గురించి ఒక ప్రశ్న

శుక్రవారపు దీపం (మెట్టుగూడ)
గురువారం, రాత్రి 9:40

సభ్యులందరికీ నమస్కారం. నాకు 34 ఏళ్లు. ఒక ప్రైవేటు పాఠశాలలో తెలుగు చెబుతాను. మాది గుంటూరు జిల్లా నుంచి వచ్చిన మాదిగ కుటుంబం. మా తాత కాలంలోనే మావాళ్లు లూథరన్ సంఘంలో చేరారు. నాన్నగారి రైల్వే ఉద్యోగం వల్ల సికింద్రాబాదు వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం.

చిన్నప్పటి నుంచి బైబిలులో నన్ను పట్టి నిలిపినవి పాత నిబంధన పుస్తకాలే. నాలుగేళ్లుగా యూదమతాన్ని శ్రద్ధగా చదువుతున్నాను. శుక్రవారం సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు దీపాలు వెలిగిస్తాను. రాంనగర్ చేపల మార్కెట్టులో వాలుగను, రొయ్యలను దాటుకుని వెళ్లి, బొచ్చె దగ్గర ఆగి, పొలుసు లేనివి యూదులు తినకూడదు కనుక చర్మం చిరగకుండా పొలుసు ఊడి వస్తుందో లేదో చూసి మరీ కొంటాను. మా నాయనమ్మ ఎండబెట్టి దాచే తునకలు మాత్రం మానేశాను. ఆవు మాంసం యూదుల ధర్మశాస్త్రంలో నిషిద్ధం కాదు, కానీ వాళ్ల పద్ధతిలో కోసి, రక్తం పోయేలా ఉప్పు పట్టించినదై ఉండాలి, అది నాకు ఇక్కడ దొరకదు. ఈ నగరంలో ఆ కూర తినే హక్కు కోసం మావాళ్లు ఎన్ని మాటలు పడ్డారో తెలిసిన దాన్ని కనుక, ఆ డబ్బా మూత పెట్టి పక్కకు జరిపిన రోజు నాకు తేలికగా గడవలేదు.

ఇక నా ప్రశ్న. యూదులు రోజుకు మూడుసార్లు నిలబడి చేసే ప్రార్థన "మా దేవుడా, మా పితరుల దేవుడా, అబ్రాహాము దేవుడా, ఇస్సాకు దేవుడా, యాకోబు దేవుడా" అని మొదలవుతుంది. ఆ "మా పితరుల" దగ్గర నా గొంతు ఆగిపోతుంది. మా తాత లందలో తోళ్లు నానబెట్టి, పదును చేసి, చెప్పులు కుట్టిన మనిషి. మతంలో చేరిన వారిని "అబ్రాహాము కుమార్తె" అని పిలుస్తారట. మరి మా నాన్న పేరు, తాత పేరు ఎక్కడికి పోతాయి?

ఇంకొకటి కూడా ఉంది. నిరుడు బొంబాయిలో యూదులు ప్రార్థన చేసే ఒక సమాజమందిరానికి వెళ్లాను. అక్కడికి వచ్చిన ఒకావిడ ఎంతో మర్యాదగా "మీరు కొచ్చిన్ వారా, బెనె ఇజ్రాయేలీలా?" అని అడిగింది. రెండూ మన దేశంలోని పాత యూద సముదాయాలే. నేను ఆ రెండూ కాదన్నాను. ఆవిడ నా ముఖం వైపు, చేతుల వైపు చూసి "అయితే ఎవరు?" అంది. ఆ మాటకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

చేబ్రోలు దారి
గురువారం, రాత్రి 11:05

అక్కా, మీ ప్రశ్న చదివి నిద్రపట్టక రాస్తున్నాను. మా ఊరు చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెం. ఉద్యోగం వల్ల ఉప్పల్‌లో ఉంటున్నాను. మేమూ మాదిగలమే, బెనె ఎఫ్రాయిములం. 1980ల నుంచి మా ఊళ్లో కొన్ని కుటుంబాలు బహిరంగంగా యూద ఆచారాలు పాటిస్తున్నాయి. మాకంటూ సమాజమందిరం ఉంది. మేము ఇశ్రాయేలు గోత్రాలలో ఒకటైన ఎఫ్రాయిము గోత్రం వారి సంతతి అనీ, తరాల తరబడి తిరిగి తిరిగి ఈ దేశానికి వచ్చామనీ మా పెద్దలు చెబుతారు. చనిపోయిన వారిని పాతిపెట్టడం, ఆవు మాంసం తినడం ఆనవాళ్లని వాళ్ల వాదం. కాబట్టి మీరు ఎక్కడికో వెళ్లి చేరనవసరం లేదనీ, ఉన్నచోటికే తిరిగి వస్తున్నారనీ నేను అంటాను. అప్పుడు "మా పితరులు" అనడానికి గొంతు ఆగదు.

మా వీధికి ఎందరో వచ్చి ప్రశ్నలు వేసి వెళ్లారు. నా పదేళ్ల వయసులో ఒక పెద్దమనిషి మా అమ్మను "పేదరికం తప్పించుకుని ఇజ్రాయేలు వెళ్లిపోవడానికేనా ఇదంతా?" అని అడిగాడు. అమ్మ అప్పుడు పులియని రొట్టె కాలుస్తోంది. జవాబు చెప్పకుండా పెనం మీద రొట్టె తిప్పింది. ఆకలి ఉన్నవాడి భక్తిని ఎవరూ నమ్మరని ఆ రోజే నాకు తెలిసింది.

నల్లకుంట న్యాయవాది
శుక్రవారం, ఉదయం 7:15

చట్టం గురించి రెండు మాటలు చెప్పి తప్పుకుంటాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. యూదమతం అందులో లేదు. మన రెండు రాష్ట్రాలలోనూ క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డు కులాల వారు, వారి సంతానం బీసీ–సి వర్గంలో ఉన్నారు. ఆ వర్గం నిర్వచనంలోనే క్రైస్తవం ఉంది కనుక, కాగితాల మీద మతం మార్చే ముందు మీ ధ్రువపత్రాలు తీసుకుని ఒక న్యాయవాదిని స్వయంగా కలవండి. వారసత్వం విషయంలో మాత్రం మీకు పెద్ద తేడా రాదు, ఎందుకంటే క్రైస్తవులకూ యూదులకూ వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టమే. హిందూ వివాహ చట్టం యూదులను పేరు పెట్టి మరీ మినహాయించింది. చేబ్రోలు దారి గారు చెప్పిన వంశ స్మృతి ఎంత బలమైనదైనా, ధ్రువపత్రం ఇచ్చే కార్యాలయంలో అది పనికి రాదు.

తార్నాక బౌద్ధుడు
శుక్రవారం, ఉదయం 8:30

శుక్రవారపు దీపం గారికి జైభీం. మీ నిజాయితీ పట్ల గౌరవంతోనే ఒక అభ్యంతరం చెబుతున్నాను. 1956 అక్టోబరు 14న నాగపూరులో బాబాసాహెబు తన అనుచరులతో బౌద్ధం స్వీకరించినప్పుడు, పుట్టుకతో విలువ కట్టే పద్ధతినే ఆయన వదిలిపెట్టారు. మీరు వెళ్లాలనుకుంటున్న చోట కూడా పుట్టుక లెక్కే కదా? తల్లి యూదురాలైతే బిడ్డ యూదుడు. అహరోను వంశంలో పుట్టినవాడే యాజకుడు. నేను చదివినంతవరకు ఆ యాజక వంశపు పురుషుడు మతంలో చేరిన స్త్రీని పెళ్లి చేసుకోకూడదు. ఒక గడపలో వద్దన్నదాన్ని ఇంకో గడపలో మీరు నెత్తికెత్తుకుంటున్నారేమోనని నా బాధ. చేబ్రోలు తమ్ముడు చెప్పిన ఎఫ్రాయిము కథలో కూడా నాకు అదే కనిపిస్తుంది. ఇక్కడ తక్కువ అన్న రక్తాన్ని ఇంకెక్కడో ఎక్కువ అని నిరూపించుకోవాలన్న తపన అది. రక్తంతో లెక్క తేల్చడమే తప్పు అనుకునేవాళ్లకు ఆ దారి ఎందుకు?

పాతగ్రంథాల పాఠకుడు (విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు)
శుక్రవారం, మధ్యాహ్నం 12:10

అమ్మా, మీ ప్రశ్న 800 ఏళ్లకు పైబడినది. పన్నెండవ శతాబ్దంలో ఓబద్యా అనే పేరు పెట్టుకుని యూదమతంలో చేరిన ఒకాయనకు సరిగ్గా ఈ మాట దగ్గరే సంకోచం కలిగింది. "మా పితరుల దేవుడా" అని తాను అనవచ్చునా అని ఆనాటి గొప్ప యూద పండితుడైన మైమోనిడీసుకు ఉత్తరం రాశాడు. ఆ సంకోచానికి ఆధారం కూడా ఉంది. చేరినవాడు ఆ మాట అనకూడదని మిష్నా అనే పాత యూద ధర్మసంకలనంలో ఒకచోట ఉంది. అయినా మైమోనిడీసు మిష్నాపై చర్చల గ్రంథమైన యెరూషలేము తల్మూదులోని మరొక అభిప్రాయాన్ని పట్టుకుని, ఒక్క మాట కూడా మార్చకుండా అందరిలాగే ప్రార్థించమన్నాడు. అబ్రాహాము మార్గంలో నడిచే వారందరికీ అబ్రాహామే తండ్రి అన్నాడు. అంటే రక్తంలో ఏదైనా వెతికి తెచ్చి చూపించమని అడగలేదు.

తార్నాక మిత్రుని అభ్యంతరంలో నిజం ఉంది. యాజకత్వం పుట్టుకతోనే వస్తుంది, ఆ వివాహ నిషేధమూ ఉంది. దాన్ని కప్పిపుచ్చి ఎవరినీ లోపలికి పిలవకూడదు. కానీ పక్కనే ఇంకొక సంగతి కూడా చూడాలి. దావీదు రాజుకు ముత్తవ్వ అయిన రూతు మోయాబు స్త్రీ. "నీ జనమే నా జనము, నీ దేవుడే నా దేవుడు" అన్నది ఆమే. ఆ మాటలో జనం ముందు వచ్చింది, దేవుడు తరువాత వచ్చాడు. యూదమతంలో చేరడమంటే ఒక నమ్మకాన్ని ఒప్పుకోవడంతో సరిపోదు, ఒక ప్రజలో కలవాలి, వాళ్ల కష్టంలో కూడా కలవాలి. అందుకే చేరవచ్చిన వారిని "ఈ కాలంలో ఇశ్రాయేలీయులు హింస పడుతున్నారని నీకు తెలియదా?" అని ముందుగా అడగాలని తల్మూదు చెబుతుంది. చేరిన తరువాత మాత్రం పూర్వపు జీవితాన్ని గుర్తు చేసి ఎవరూ ఎత్తిపొడవకూడదు, అది పాపం.

శాస్త్రం అలా ఉంది. మనుషులు అలా ఉన్నారని మాత్రం చెప్పలేను. మన దేశంలోనే చూడండి. కొచ్చిలో 1568లో కట్టిన పరదేశి సమాజమందిరంలో, విముక్తులైన దాసుల సంతతి అని పేరు పడిన యూదులను తరతరాలు సమానంగా కూర్చోనివ్వలేదు. ఆ వర్గంలోనే పుట్టిన న్యాయవాది ఎ. బి. సేలం గాంధీగారి పద్ధతిలో ఆ మందిరంలోనే సత్యాగ్రహం చేశారు. ఆయనను "యూదుల గాంధీ" అన్నారు. కొంకణంలో శనివారం గానుగ ఆపినందుకు "శనివారపు తేలీలు" అనిపించుకున్న బెనె ఇజ్రాయేలీలలో కూడా తెల్లవారు, నల్లవారు అనే చీలిక ఉండేది. వాళ్లే ఇజ్రాయేలు వెళ్లాక, 1962లో అక్కడి ప్రధాన రబ్బీల (యూద మతగురువుల) కార్యాలయం ఇచ్చిన ఆదేశాలు పెళ్లికి ముందు వాళ్ల వంశాన్ని విచారించాలన్నాయి. వాళ్లు వీధికెక్కి పోరాడితే 1964లో ప్రభుత్వం అన్ని విధాలా యూదులేనని ప్రకటించింది. కులం మన నేలలో ఎంత లోతున ఉందో, రంగు పిచ్చి ప్రపంచంలో ఎంత విస్తారంగా ఉందో ఈ చరిత్ర చెబుతుంది. అది తెలిసే లోపలికి వెళ్లండి.

కూకట్‌పల్లి నుంచి బోస్టన్
శుక్రవారం, మధ్యాహ్నం 3:45

చెల్లెమ్మా, నేను 11 ఏళ్ల క్రితం యూదమతంలో చేరాను. మాది కూకట్‌పల్లి. మతమూ వేరు, కులమూ వేరు, కానీ రంగు మీదే. అనుభవంతో చెప్పగలిగినది చెబుతాను.

మూడేళ్లు చదివాను. తరువాత ముగ్గురు సభ్యుల ధర్మసభ ముందు కూర్చోబెట్టారు, ప్రశ్నలు అడిగారు, ఆజ్ఞలను స్వీకరిస్తున్నావా అన్నారు. సున్నతి ముందే అయింది. చివరగా మిక్వే అనే శుద్ధి కొలను నీటిలో, ఒంటి మీద ఉంగరం కూడా లేకుండా, పూర్తిగా మునిగాను. ఆ నీళ్లలోంచి లేచిన చేయి వెళ్లిన రంగులోనే వచ్చింది. ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఏదో మారిపోవాలని నాలో ఒక మూల ఆశ ఉండేదని ఆ క్షణంలోనే నాకు తెలిసింది. ఆ ఆశ పోయిన తరువాతే నేను నిజంగా యూదుణ్ణయ్యాననుకుంటాను.

ఒక యోమ్ కిప్పూరు (ప్రాయశ్చిత్త ఉపవాస దినం) నాడు, పేరు చెప్పను, ఒక మందిరం గుమ్మంలో కాపలావాడు వరుసలో నన్నొక్కణ్ణే ఆపి సంచి విప్పమన్నాడు. నా వెనక ఉన్న తెల్లాయన సంచి నాకన్నా పెద్దది. ఉపవాసం ఉన్న నోటితో వాదించలేక విప్పాను. లోపల ప్రార్థన శాలువా, పుస్తకం ఉన్నాయి. ఆ రోజంతా పాపాల ఒప్పుకోలు చదువుతూ, నాది కాని పాపం ఒకటి నా ఛాతీ మీద కొట్టుకుంటున్నట్టు అనిపించింది. రాత్రి రబ్బీకి చెప్పాను. తరువాతి వారం నుంచి గుమ్మంలో మందిర సభ్యులే నిలబడి అందరినీ పలకరించడం మొదలుపెట్టారు.

మీ నాన్న పేరు గురించి. మందిరంలో నన్ను అబ్రాహాము కుమారుడనే పిలుస్తారు. కానీ కన్న తల్లిదండ్రులను అవమానించడం చేరినవాడికి కూడా నిషిద్ధమని ధర్మశాస్త్ర గ్రంథాలలో స్పష్టంగా ఉంది. మా నాన్నగారు కూకట్‌పల్లిలో పోయినప్పుడు, ఆయన యూదుడు కాకపోయినా, చనిపోయిన వారి కోసం చెప్పే కద్దీష్ ప్రార్థన చెప్పవచ్చని మా రబ్బీ అన్నారు. 11 నెలలు ప్రతి ఉదయం ఆ ప్రార్థనకు కావలసిన పదిమంది ఉన్న చోటు వెతుక్కుని చెప్పాను. అరమాయికు భాష మాటలు నోటితో పలుకుతూ మా నాన్న తెలుగు పేరు మనసులో తలుచుకునేవాణ్ణి. ఆ పేరు ఎక్కడికీ పోలేదు.

ఒక చిన్న సూచన. ఇంకా చేరని వారు శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రి దాకా సాగే విశ్రాంతి దినాన్ని సంపూర్ణంగా పాటించకూడదని నియమం ఉంది కనుక, ప్రతి శనివారం ఏదో ఒక చిన్న పని కావాలని చేయండి. మీ ఊళ్లో సూర్యాస్తమయం దగ్గరపడుతోంది, ఇక మీరు రేపు రాత్రి చదువుతారు.

లాలాగూడ సంఘపెద్ద
శుక్రవారం, రాత్రి 8:20

అమ్మాయీ, నువ్వెవరో నాకు తెలియదు, కానీ నీ వంటి ఆడపిల్లలు మా సండేస్కూలులో చదువుకున్నారు. నీ నిర్ణయం నాకు దుఃఖం కలిగిస్తోందని దాచను. మనవాళ్లకు అక్షరం చెప్పి, ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టినది యేసు పేరే. అలాగే మన సంఘాలలో కూడా మాలపల్లికి, మాదిగపల్లికి వేరు వేరు గుళ్లు ఉన్న ఊళ్లు ఉన్నాయని, నీకు ఆ బాధ తగిలే ఉంటుందని ఒప్పుకుంటాను. నీ తల్లిదండ్రులకు నీ నోటితోనే చెప్పు. ఇంకొకరి ద్వారా వాళ్లకు తెలియనివ్వకు.

తార్నాక బౌద్ధుడు
శనివారం, ఉదయం 10:00

అధ్యాపకుల వారు దేన్నీ దాచకుండా చెప్పినందుకు కృతజ్ఞతలు. బోస్టన్ అన్న మిక్వే గురించి రాసిన మాట నన్ను కదిలించింది. నా అభ్యంతరం ఎఫ్రాయిము కథ మీద మాత్రం అలాగే ఉంది. రూతుకు వంశం అక్కర లేకపోతే మనకెందుకు అక్కర?

చేబ్రోలు దారి
శనివారం, మధ్యాహ్నం 2:30

అన్నా, ఆ మాట అనడం మీకు తేలిక. మిజోరం, మణిపూరులలోని బ్నెయి మెనషేలను 2005లో ఇజ్రాయేలు ప్రధాన రబ్బీ ఒకరు ఇశ్రాయేలు సంతతిగా గుర్తించారు. అయినా నియమం ప్రకారం మతప్రవేశం చేయాల్సిందే అన్నారు. ఇథియోపియా యూదులను 1984లో, 1991లో విమానాలలో తీసుకువెళ్లారు. 1991లో ఒకటిన్నర రోజులో 14,000 మందికి పైగా వెళ్లారు. వాళ్లనూ మొదట్లో నీటిలో మునిగి మళ్లీ చేరమంటే వీధుల్లో కూర్చున్నారు. మాకు అంత గుర్తింపు కూడా లేదు. మా కథ నిజమో కాదో ఎముకలు తవ్వి తేల్చేది నేను కాదు. అయితే ఊరి చివర ఉంచిన మనుషులకు తమ తాతలు ఊరి చివరే మొదలు కాలేదని అనుకునే హక్కు ఉంది. నాకు మాత్రం ఇప్పుడు ఒక సంగతి కొంచెం స్పష్టమైంది. మతప్రవేశం చేయమంటే మా అమ్మను అబద్ధమాడిందన్నట్టు నాకు ఎప్పుడూ కోపం వచ్చేది. ఓబద్యా ఉత్తరం సంగతి చదివాక ఆ కోపం కొంత తగ్గింది.

శుక్రవారపు దీపం
శనివారం, రాత్రి 7:10

విశ్రాంతి దినం ముగిసి మూడు నక్షత్రాలు కనిపించాక ఫోను తెరిచి అన్నీ చదివాను. సంఘపెద్ద గారూ, మీ మాట ప్రకారం ఈ సాయంత్రమే నాన్నకు, అమ్మకు చెప్పాను. అమ్మ ఏడ్చింది. నాన్న చాలాసేపు మాట్లాడలేదు.

మొదటి ఉత్తరంలో రాయలేకపోయిన సంగతి ఒకటి ఉంది. బొంబాయిలో నేను చూసినది ఆవిడ చూపు ఒక్కటే కాదు. మర్నాడు పొద్దున ఒక ముసలాయన కిటికీ పక్కన నిలబడి ప్రార్థన కోసం ఎడమ చేతికి నల్లటి తోలు పట్టీని ఏడు చుట్లు చుట్టుకున్నాడు. ఆ పట్టీకి ఉన్న చిన్న పెట్టె కూడా తోలే, అందులోని వాక్యాలు రాసినది కూడా తోలు మీదే. తరువాత అలమర తెరిచి ధర్మశాస్త్ర గ్రంథపు చుట్టను బయటికి తీస్తే అందరూ లేచి నిలబడ్డారు, దాని మీద కప్పిన గుడ్డను ముద్దు పెట్టుకున్నారు. అదీ తోలే. మా ఊళ్లో తోలు ముట్టిన చేతిని ఎవరూ ముట్టరు. మా తాత కాళ్లకు అతికిన సున్నం వాసన వల్ల ఆయనను కచేరీ అరుగు దగ్గరికి రానివ్వలేదని నాన్న చెప్పేవారు. అక్కడ తోలును చూసి మనుషులు లేచి నిలబడుతుంటే నా మోకాళ్లు వణికాయి. నేను ఈ మతానికి రావడంలో తాతను వదిలేస్తున్నానా, లేక ఆయన చేతిపనికి దగ్గరగా వెళ్తున్నానా అన్నది నాకు అప్పటి నుంచీ తెగడం లేదు.

ఇదంతా చెప్పాక నాన్న ఒకే ఒక ప్రశ్న అడిగారు. "ఆ తోలును వాళ్లు దేనితో పదును చేస్తారు? తంగేడు పట్టతోనా?" నాకు తెలియదు. ఎవరికైనా తెలుసా?

పాతగ్రంథాల పాఠకుడు
శనివారం, రాత్రి 9:30

అమ్మా, ముందు ఒక చేదు సంగతి చెప్పాలి. యూద గ్రంథాలు కూడా తోలు పనిని నెత్తిన పెట్టుకోలేదు. లంద ఊరికి 50 మూరల దూరంలో, తూర్పు దిక్కునే ఉండాలని మిష్నాలో ఉంది. భర్త తోళ్లు పదును చేసేవాడైతే ఆ వాసన భరించలేనని భార్య విడాకులు కోరవచ్చు. అయితే ఆ దూరం లందకే గాని పుట్టిన బిడ్డకు కాదు. చెప్పులు కుట్టిన యోహానాను అనే రబ్బీ పేరు, వృత్తితో సహా, మిష్నాలో గౌరవంగా నిలిచింది.

ఇక నాన్నగారి ప్రశ్న. ధర్మశాస్త్రపు చుట్టకు తినదగిన జంతువు తోలే కావాలి. ఈనాడు సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, చట్రానికి బిగించి ఆరబెడతారు. మైమోనిడీసు రాసిన పద్ధతిలో ముందు ఉప్పు, తరువాత పిండి, చివరన మాచికాయ వంటి వగరు సరుకు పట్టించాలి. ఆ వగరు తోలును బిగించి గట్టి పరుస్తుంది. పనిచేసేవారు ఇది పవిత్ర గ్రంథం కోసమని సంకల్పించి మొదలుపెట్టాలి. సంకల్పం లేని తోలు పనికిరాదు.

శుక్రవారపు దీపం
ఆదివారం, ఉదయం 6:50

నాన్నకు చదివి వినిపించాను. సున్నం దగ్గర తల ఊపారు. మాచికాయ దగ్గర ఆపమని, మళ్లీ చదవమన్నారు. "మా నాన్న కరక్కాయ వేసేవాడు. అదీ వగరే. వేసేటప్పుడు ఎవరినీ మాట్లాడనిచ్చేవాడు కాదు" అన్నారు. తరువాత అటక మీద నుంచి తాత చెప్పులు కుట్టడానికి వాడిన ఆరె దించి, గుడ్డతో తుడిచి, నా పుస్తకాల పక్కన పెట్టి డ్యూటీకి వెళ్లారు. బొంబాయికి ఈ రోజే ఉత్తరం రాస్తున్నాను. అందులో మా తాత పేరు, ఆయన పని రెండూ మొదటి పేరాలోనే ఉంటాయి.